కెయిర్న్‌గార్మ్స్‌లో గ్రావెల్ సైకిల్: ఏ దారి ఎవరికి?

స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ నేషనల్ పార్క్‌కి గ్రావెల్ సైకిల్ (కంకర, మట్టి దారుల మీద తొక్కడానికి వెడల్పాటి టైర్లతో చేసిన సైకిల్) తీసుకెళ్దామనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎక్కుడు?" అని. ఇక్కడ ఆ రెండు అంకెలనే నమ్ముకుంటే ఇబ్బంది పడతారు. 40 కిలోమీటర్ల దారి ఒకటి పొద్దున బయల్దేరితే భోజనాల వేళకు అయిపోతుంది. అంతకన్నా చిన్న దారి ఇంకొకటి సాయంత్రం దాకా వదలదు. నేల ఎలాంటిది, వంతెన లేని వాగులు ఎన్ని ఉన్నాయి, మధ్యలో వాన ముంచుకొస్తే బయటపడే వీలుందా అన్న మూడు ప్రశ్నలతోనే ఏ దారినైనా తూచాలి. వీటిలో మూడోదే అన్నిటికన్నా ముఖ్యం అంటాను.

బ్రిటన్‌లోకెల్లా పెద్ద నేషనల్ పార్క్ ఇది. 2003లో ఏర్పడింది, విస్తీర్ణం 4,528 చదరపు కిలోమీటర్లు. నడిబొడ్డున గ్రానైట్ పీఠభూమి ఉంది. దాని మీదున్న బెన్ మక్డూయి ఎత్తు 1,309 మీటర్లు, బ్రిటన్‌లో రెండో ఎత్తయిన శిఖరం. గ్రావెల్ సైకిల్‌కి ఆ పైన పనిలేదు. మనం తొక్కే దారులన్నీ ఆ పీఠభూమి చుట్టూ, కింద లోయల్లోనూ కనుమల్లోనూ ఉంటాయి.

ఈ దారులు సైకిళ్ల కోసం వేసినవి కావు. ఇక్కడి భూమిలో చాలా భాగం పెద్ద పెద్ద ఎస్టేట్లది. జింకల వేటకు, అడవి పనులకు ఎవరి హద్దులో వాళ్లు జీపు దారులు వేసుకున్నారు. దక్షిణం వైపు ఎస్టేట్ దారి కనుమ దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఉత్తరం నుంచి వచ్చిన దారీ అంతే, తన అవసరం తీరిన చోట ఆగుతుంది. నడుమ మిగిలిన నాలుగైదు కిలోమీటర్లను కలిపేది పాత కాలిబాట ఒక్కటే. అందుకే ఈ పార్కులో పెద్ద కనుమ దారులన్నిటిదీ ఒకటే తీరు. రెండు చివర్లా చక్కటి కంకర, మధ్యలో బురద, రాళ్లు, వాగులు. ఫోన్‌లో కనిపించే గీత మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగులో ఉంటుంది. కొత్తవాళ్లు బోల్తాపడేది అక్కడే.

ఒక మంచి విషయమూ చెప్పాలి. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూ సంస్కరణల చట్టం ప్రకారం, బాధ్యతగా మసలుకునేవాళ్లు దాదాపు ఎక్కడైనా నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. ఇంగ్లండ్‌లోలా సైకిళ్లకు అనుమతి ఉన్న బాట ఏది, నడిచేవాళ్లకే పరిమితమైనది ఏది అని పటంలో వెతుక్కునే బాధ లేదు. కానీ వెళ్లే హక్కు ఉన్నంత మాత్రాన ఆ దారి తొక్కడానికి పనికొస్తుందని కాదు. ఈ తేడా మనసులో పెట్టుకుని కింది దారులు చూడండి.

మొదటిసారి వెళ్తుంటే: రైవోన్ కనుమ

ఎవరు అడిగినా మొదటి రోజుకి నేను చెప్పేది ఇదే. అవీమోర్‌లో మొదలై గ్లెన్‌మోర్, రైవోన్ కనుమ, అబర్నెథి అడవి, లోఖ్ గార్టెన్ (లోఖ్ అంటే చెరువు), బోట్ ఆఫ్ గార్టెన్ అనే ఊరి మీదుగా మళ్లీ అవీమోర్ చేరే చుట్టు. సుమారు 40 కిలోమీటర్లు. అవీమోర్‌లో రైలు స్టేషన్ ఉంది కాబట్టి కారు అక్కర్లేదు.

అవీమోర్ నుంచి గ్లెన్‌మోర్ దాకా రోడ్డు పక్కనే అడవిలో ఓల్డ్ లాగింగ్ వే అనే బాట ఉంది. గట్టి నేల, పిల్లలు కూడా తొక్కుతారు. గ్లెన్‌మోర్ దాటాక వెడల్పాటి అడవి దారి రెండు గుట్టల మధ్య ఇరుకుగా మారి, ఆన్ లోఖన్ ఊయన్య అనే చిన్న చెరువు ఒడ్డుకు తీసుకెళ్తుంది. నీళ్లు నిజంగానే పచ్చగా ఉంటాయి. ఫెయిరీలు, అంటే జానపద కథల్లోని చిట్టి దేవతలు, అందులో తమ పచ్చ బట్టలు ఉతుక్కున్నారని ఇక్కడివాళ్లు కథ చెబుతారు. అక్కడ దిగకుండా ముందుకు పోయినవాళ్లను నేను చూడలేదు.

చెరువు దాటిన కొద్ది దూరానికి దారి రెండుగా చీలుతుంది. కుడి వైపుది లారిగ్ అన్ లీ అనే కనుమకు, అంటే కొండల లోపలికి పోతుంది. అది గ్రావెల్ సైకిల్‌కి తగిన దారి కాదు, ఎంత బాగా కనిపించినా అటు తిరగొద్దు. నేరుగా ఉన్నది రైవోన్ బాతీకి వెళ్తుంది. బాతీ అంటే తాళం వేయని రాతి గుడిసె. లోపల మంచం, కరెంటు ఏమీ ఉండవు, వాన వస్తే ఎవరైనా తలదాచుకోవచ్చు. ఈ చుట్టు మొత్తంలో కాస్త కష్టమైన భాగం ఇదొక్కటే. పిడికిలంత రాళ్లు వదులుగా పరుచుకుని ఉంటాయి. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుతో నెమ్మదిగా దిగొచ్చు.

ఆ తర్వాత వచ్చే అబర్నెథి అడవి ఈ దారికి ప్రాణం. స్కాట్స్ పైన్ చెట్లు, కింద హెదర్, బ్లేబెర్రీ పొదలు, మధ్యలో ఇసుక కలిసిన మెత్తటి దారి. పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ చేతిలో ఉన్న అడవి ఇది. స్కాట్లాండ్ నుంచి కనుమరుగైన ఆస్ప్రే గద్దలు 1950ల్లో మళ్లీ గూడు కట్టింది ఈ లోఖ్ గార్టెన్ దగ్గరే. ఇంకో పక్షి ఉంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. కేపర్‌కెయిలీ అనే పెద్ద అడవికోడి బ్రిటన్ మొత్తంలో 2021–22 లెక్క ప్రకారం 530 దాకానే మిగిలింది. వాటిలో అత్యధికం ఈ పార్కులోనే ఉన్నాయి. వసంతంలో తెల్లవారుజామున అవి జతకట్టే చోటికి మనిషి అలికిడి తగిలితే చెదిరిపోతాయి. ఏప్రిల్ నుంచి వేసవి నడిమి దాకా ఈ అడవిలో ప్రధాన దారి వదిలి పక్క బాటల్లోకి దూరకండి. మన సరదా కోసం ఆ పక్షిని కోల్పోవడం న్యాయం కాదు.

బోట్ ఆఫ్ గార్టెన్ నుంచి అవీమోర్ దాకా స్పేసైడ్ వే అనే చదును బాట. పక్కనే పాత ఆవిరి రైలు నడుస్తుంది. అలసిపోయిన కాళ్లకు ఇది వరం.

బయటపడే వీలు మాటకొస్తే, రైవోన్‌కి పూర్తి మార్కులు. ఎక్కడ ఆగిపోయినా కొన్ని కిలోమీటర్లలో తారు రోడ్డు దొరుకుతుంది. వంతెన లేని పెద్ద వాగు ఒక్కటీ లేదు. వాన రోజైనా వెళ్లొచ్చు.

సగం రోజులో కాళ్లు పరీక్షించుకోవాలంటే: బర్మా రోడ్

అవీమోర్‌కి దక్షిణాన లిన్విల్గ్ దగ్గర మొదలయ్యే ఈ జీపు దారి మోనలీయా కొండలపైకి ఎక్కి, అవతల డల్నన్ నది ఒడ్డున దిగుతుంది. అక్కడి నుంచి నదితో పాటు కిందికి వచ్చి, స్లగన్ వంతెన, కార్‌బ్రిడ్జ్ మీదుగా అవీమోర్‌కి చుట్టి రావచ్చు. దూరం రైవోన్ చుట్టుకి దగ్గర దగ్గరగానే ఉంటుంది, పోలిక మాత్రం అక్కడితో సరి. బర్మా రోడ్ ఐదారు కిలోమీటర్లలోనే దాదాపు 480 మీటర్లు ఎక్కి 700 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. చిన్న గేరు లేని సైకిల్‌తో వెళ్తే కొన్ని మలుపుల దగ్గర దిగి నడిపించక తప్పదు. వెనక చక్రం పళ్లు ముందు పళ్లకన్నా ఎక్కువున్న గేరు ఒకటైనా ఉండాలి.

ఏ వైపు నుంచి ఎక్కాలన్న దాని మీద వాదనలు ఉన్నాయి. అవీమోర్ వైపు దిగితే కెయిర్న్‌గార్మ్ కొండలన్నీ ఎదురుగా కనిపిస్తాయని కొందరు అటు దిగడానికే ఇష్టపడతారు. నేను అవీమోర్ వైపు నుంచి ఎక్కమనే చెబుతాను. కారణం వాన నీటి కాలువలు. కొండ దారి కొట్టుకుపోకుండా వాన నీళ్లను పక్కకు మళ్లించడానికి దారికి అడ్డంగా చిన్న కాలువలు తీసి, అంచుల్లో రాళ్లు పేరుస్తారు. ఎక్కేటప్పుడు ముందు చక్రం కాస్త లేపితే అవి దాటిపోతాయి. దిగేటప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, ఎండ వెనక నుంచి పడుతుంటే అవి కనిపించవు. టైరు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి చీలేది అక్కడే. దానికి తోడు అటువైపు గేట్లు, నడిచి ఎక్కేవాళ్లు ఎదురవుతారు. డల్నన్ వైపు దిగుడు కూడా నిటారే, కానీ జనం తక్కువ, దిగాక మిగతా దారి కూడా నదితో పాటు నెమ్మదిగా జారుతుంది. కొండలను చూడాలంటే ఎక్కేటప్పుడు ఆగి వెనక్కి తిరిగితే చాలు. ఆగడానికి సాకు ఎలాగూ కావాలి.

పైన చెట్టు లేదు, చాటు లేదు. ఈ పార్కులోని కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద 1986 మార్చి 20న గంటకు 173 మైళ్ల గాలి నమోదైంది, బ్రిటన్‌లో అదే రికార్డు. బర్మా రోడ్ మీద అంత ఉండదు, కానీ 40 మైళ్ల పడమటి గాలి ఎదురైతే చాలు, తొక్కి ప్రయోజనం ఉండదు. గాలి రోజున రైవోన్, గాలి లేని రోజున బర్మా రోడ్. చివర్లో కార్‌బ్రిడ్జ్‌లో 1717లో కట్టిన రాతి వంతెన చూడండి. పైన గోడలు పోయి సన్నటి విల్లు మాత్రం మిగిలింది.

బయటపడే వీలు ఇక్కడా మంచిదే. ఎక్కుతుండగా మబ్బు పట్టిందా, తిరిగి కిందికి జారితే అరగంటలో అవీమోర్. శిఖరం దాటాక మాత్రం ముందుకే వెళ్లాలి. కాబట్టి నిర్ణయం పైన గట్టు మీదే తీసుకోండి.

రోజంతా, కొండల నడుమ: గేయిక్, టిల్ట్, ఫెషీ

అసలు ఎంపిక ఇక్కడ ఉంది. పార్కుని అడ్డంగా కోసే మూడు పెద్ద కనుమ దారులు ఇవి. మూడింటికీ పేరుంది, మూడూ అందమైనవే, మూడింటిలోనూ మధ్య భాగం ముందు చెప్పిన ఆ కాలిబాటే. ఆ మధ్య భాగం ఎంత పొడవు, ఎంత చెడ్డది అన్నదాన్ని బట్టే ఎంచుకోవాలి.

గేయిక్ కనుమ గ్రావెల్ సైకిల్‌కి మిగతా రెండింటికన్నా బాగా సరిపోతుంది. పేరులో మాత్రం టిల్ట్‌దే పైచేయి. బ్లెయిర్ ఆథల్‌లో రైలు దిగి, జాతీయ సైకిల్ దారి నంబర్ 7 మీద డాల్నకార్డోక్ దాకా పాత రోడ్డు. అక్కడ హైవే దాటి కొండల్లోకి ఎస్టేట్ దారి. లోఖ్ అన్ డూన్ అనే సన్నటి చెరువు దగ్గర ఆ దారి ఆగుతుంది. చెరువుకి రెండు వైపులా కొండ గోడలా నిలబడి ఉంటుంది, ఒడ్డున పాదం పట్టేంత బాట. రాళ్లు, చిత్తడి. ఇక్కడ తొక్కుతూ కాసేపు, నెట్టుకుంటూ కాసేపు వెళ్లాలి. కానీ ఆ బాధ రెండు మూడు కిలోమీటర్లే. చెరువు చివర వాగు దాటితే మళ్లీ జీపు దారి మొదలవుతుంది, ఇక గేయిక్ లాడ్జ్, లోఖ్ అన్ చేలిఖ్, గ్లెన్ ట్రోమీ (గ్లెన్ అంటే లోయ) మీదుగా కింగ్యూసీ దాకా దిగుడే. గ్లెన్ ట్రోమీలో ఎస్టేట్ రోడ్డుకు తారు వేశారు. మొత్తం సుమారు 55 కిలోమీటర్లు, కింగ్యూసీలో కూడా రైలు స్టేషన్ ఉంది.

శీతాకాలంలో గేయిక్‌కి వెళ్లొద్దు. నిటారు వాలుల మీద మంచు పేరుకుంటుంది. 1800 జనవరిలో ఇక్కడ హిమపాతం ఒక గుడిసెను ఊడ్చుకుపోయి, వేటకొచ్చిన ఐదుగురు చనిపోయారు. ఆ సంఘటన ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కొండ గోడల కింద నిలబడితే ఎందుకు జరిగిందో ఎవరూ వివరించనక్కర్లేదు.

గ్లెన్ టిల్ట్ సంగతి వేరు. ఇదీ బ్లెయిర్ ఆథల్‌లోనే మొదలవుతుంది. ఫారెస్ట్ లాడ్జ్ దాకా, ఆ పైన ఇంకొన్ని కిలోమీటర్లూ నది పక్కన నున్నటి దారి. ఈ దారిలో ఇది స్వర్గం లాంటి భాగం. అబర్నెథిలోనూ ఫారెస్ట్ లాడ్జ్ అనే చోటు ఒకటి ఉంది. ఫోన్‌లో వెతికేటప్పుడు రెండూ కలిసిపోతే దారి ఎక్కడికో చూపిస్తుంది, జాగ్రత్త. లోయ పైకి పోయేకొద్దీ జీపు దారి తప్పుకుని, బాట వాలు మీద మూరెడు వెడల్పుకు కుంచించుకుపోతుంది. కుడి పక్కన కింద నది.

అక్కడ ఏమవుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే తొక్కడం బాగా వచ్చినవాళ్లే ఇక్కడ పొరబడతారు. బాట ఎడమ వైపు గట్టు పెడల్ ఎత్తులో ఉంటుంది. హెదర్ వేళ్లు, రాళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎడమ పెడల్ కిందికి వచ్చినప్పుడు ఆ గట్టుకు తగిలితే సైకిల్ ఆగదు, బయటికి, అంటే నది వైపుకి తోస్తుంది. సంచులు కట్టిన సైకిలైతే హ్యాండిల్‌కున్న సంచీ కూడా అదే పని చేస్తుంది. అందుకని అక్కడ దిగి, మీరు గట్టు వైపు ఉండి, సైకిల్‌ని నది వైపు పెట్టి నడిపించండి. ఒకవేళ జారితే వదిలేయాల్సింది సైకిల్‌ని.

టార్ఫ్ జలపాతం దగ్గర వచ్చేది బెడ్‌ఫర్డ్ వంతెన. 1879లో ఇక్కడ వాగు దాటుతూ 18 ఏళ్ల కుర్రాడు ఫ్రాన్సిస్ బెడ్‌ఫర్డ్ మునిగి చనిపోయాడు. అతని జ్ఞాపకంగా 1886లో ఈ వంతెన కట్టారు. అంతకు ముందు, 1861లో విక్టోరియా రాణి ఇదే రేవును గుర్రం మీద దాటింది. ముందు ఇద్దరు బ్యాగ్‌పైపులు వాయిస్తూ నీళ్లలో నడిచారట. టార్ఫ్‌కి ఇప్పుడు వంతెన ఉంది. కానీ ఇంకో పది కిలోమీటర్ల తర్వాత వచ్చే గెల్డీ వాగుకి లేదు.

టిల్ట్ దారి గురించి ఆలోచించేవాళ్లు ముందు ఆలోచించాల్సింది గెల్డీ గురించే. బ్లెయిర్ ఆథల్ నుంచి వచ్చేవాళ్లకు అది దాదాపు 30 కిలోమీటర్లు అయ్యాక ఎదురవుతుంది. అక్కడ దాటలేకపోతే ఆ 30 కిలోమీటర్లు, ఆ సన్నటి బాటతో సహా, వెనక్కి పోవాలి. ఎండాకాలంలో నీళ్లు చీలమండ దాటవు, సైకిల్ భుజాన వేసుకుని పోవచ్చు. రాత్రి కొండల మీద వాన పడితే అదే వాగు తొడల దాకా లేస్తుంది. నీళ్ల రంగు చూడండి. అడుగున రాళ్లు కనిపిస్తున్నాయా లేదా? నురగతో గలగలమనే వెడల్పాటి చోటు పైకి భయంగా ఉన్నా లోతు తక్కువ. నల్లగా, నున్నగా, చప్పుడు లేకుండా పోయే చోటుకి దగ్గరికి పోవద్దు. బూట్లు విప్పొద్దు. సైకిల్ మీకు కింది వైపు, ప్రవాహం పోయే దిక్కున ఉండాలి. పై వైపు ఉంటే చక్రాల మీద నీటి ఒత్తిడి పడి సైకిల్ మీ కాళ్ల మీదికి వస్తుంది. నీళ్లు మోకాలు దాటుతున్నాయంటే వెనక్కి రండి. ఈ ఒక్క విషయంలో నాకు రెండో మాట లేదు.

గెల్డీ దాటితే రెడ్ హౌస్ దగ్గర మళ్లీ జీపు దారి, వైట్ బ్రిడ్జ్, లిన్ ఆఫ్ డీ, తర్వాత పది కిలోమీటర్ల తారు రోడ్డు మీద బ్రేమార్. అక్కడ రైలు లేదు. డీ లోయ రైలు మార్గంలో ప్రయాణికుల బళ్లు 1966లోనే ఆగిపోయాయి. బస్సులో సైకిల్ ఎక్కించుకుంటారని లెక్క వేసుకోవద్దు. బ్రేమార్‌లో రాత్రి ఉండే ఏర్పాటు లేకుండా టిల్ట్ మొదలుపెట్టడం మంచిది కాదు.

మూడోది గ్లెన్ ఫెషీ. అందం మాటకొస్తే నా ఓటు దీనికే. ఫెషీ నది వెడల్పాటి గులకరాళ్ల మైదానంలో పాయలు పాయలుగా చీలి పారుతుంది. ఈ ఎస్టేట్‌లో జింకల సంఖ్యను బాగా తగ్గించడంతో, అవి మేసేయడం వల్ల పెరగలేకపోయిన పైన్ మొలకలు ఇప్పుడు కంచె అవసరం లేకుండానే లోయంతా లేస్తున్నాయి. ముదురు చెట్ల మధ్య నడుమెత్తు, మనిషెత్తు కుర్ర చెట్లు. స్కాట్లాండ్ కొండ లోయలు ఒకప్పుడు ఎలా ఉండేవో చూడాలంటే ఇక్కడికి రావాలి. రూయ్ ఐటెఖన్ బాతీ దాకా రాకపోకలు కూడా మరీ కష్టం కాదు, మధ్యలో ఆల్ట్ గార్‌వ్లాఖ్ అనే వాగు కోసేసిన ఒడ్డులు దిగి ఎక్కాలి అంతే.

బాతీ దాటాక నది బాటను కొరికేసింది. వాలు జారిపడిన చోట్ల సైకిల్ ఎత్తుకుని మట్టి మీద ఎగబాకాలి. ఆ పైన ఐడార్ట్ వాగుకి వంతెన ఉంది. వంతెన దాటాక ఫెషీ, గెల్డీ నీళ్లను విడదీసే గట్టు మీద కిలోమీటర్ల కొద్దీ పీట్ (కుళ్లిన నాచు, మొక్కలతో ఏర్పడిన మెత్తటి నల్లమట్టి) బురద. వాన తర్వాత చక్రం ఇరుసు దాకా దిగే చోట్లు ఉంటాయి. ఒక ఊరట, ఫెషీ నుంచి వైట్ బ్రిడ్జ్‌కి పోయేవాళ్లు గెల్డీకి ఉత్తరపు ఒడ్డునే ఉంటారు కాబట్టి ఆ పెద్ద రేవు తప్పుతుంది. చిన్న వాగులు మాత్రం దాటాలి.

నా సలహా సూటిగా చెబుతాను. గ్రావెల్ సైకిల్ ఒక్కటే ఉండి, రోజులో ఎక్కువ భాగం తొక్కుతూ గడపాలనుకుంటే గేయిక్. టైరు 50 మిల్లీమీటర్లు, నాలుగు రోజులుగా వాన లేదు, బ్రేమార్‌లో గది ఉంది అంటే టిల్ట్. ఫెషీని గ్రావెల్ సైకిల్‌తో అడ్డంగా దాటొద్దు. అవీమోర్ లేదా కింగ్యూసీ నుంచి బాతీ దాకా వెళ్లి, అక్కడ తినేది తిని, అదే దారిన తిరిగి రండి. దారి మొత్తంలో అందమైన భాగం మీకు దక్కుతుంది, బురద ఎవరికో మిగిలిపోతుంది. టిల్ట్‌లో ఎక్కి, గెల్డీ దగ్గర పడమరకు తిరిగి ఫెషీలో దిగి, రెండు రైలు స్టేషన్లను కలిపే 70 కిలోమీటర్ల దారి గురించి కొందరు గొప్పగా చెబుతారు. అది మౌంటెన్ బైక్ మీద, జూన్ నెల పొడవాటి పగలు ఉన్నప్పుడు పెట్టుకోవాల్సిన పని.

పిల్లలతోనో, విశ్రాంతిగానో అయితే

తూర్పు వైపు డీసైడ్ వే ఉంది. పాత రైలు కట్ట కాబట్టి ఎక్కుడు లేదు. డిన్నెట్ నుంచి బాలటర్ దాకా భాగం పార్కులోపలే ఉంటుంది. లోఖ్ మిక్ చుట్టూ దాదాపు 12 కిలోమీటర్ల దారి కూడా బాగుంటుంది, కానీ నడిచేవాళ్లు ఎక్కువ, చెరువు పై చివర రాళ్ల బాట. విక్టోరియా రాణి 1868లో కట్టించుకున్న ఇల్లు దాకా వెళ్లి తిరిగి వస్తే చిన్నవాళ్లకు సరిపోతుంది.

ఎప్పుడు, ఏ టైరుతో

మే, జూన్ నెలలు అన్నిటికన్నా మేలు. పగలు పొడవు, వాగులు సాధారణంగా తక్కువ, మిడ్జ్ నుసుములు ఇంకా పూర్తిగా లేవలేదు. జూలై, ఆగస్టు సాయంత్రాల్లో గాలి ఆగితే ఆ నుసుములు పంక్చర్ వేసుకోనివ్వవు. అంత చిన్న పురుగు అంత నరకం చూపిస్తుందంటే అనుభవించనివాళ్లు నమ్మరు. ఆగస్టు నుంచి అక్టోబరు మూడో వారం దాకా మగ జింకల వేట జోరుగా సాగుతుంది. కనుమ దారులకు వెళ్లేముందు ఎస్టేట్ పెట్టిన బోర్డులు చదివి, వాళ్లు చెప్పిన దారిలో పోవాలి. ఆదివారాల్లో సాధారణంగా వేట ఉండదు కాబట్టి ఆ నెలల్లో టిల్ట్‌కో గేయిక్‌కో ఆదివారం పెట్టుకోండి.

టైర్ల గురించి ఎక్కువ చర్చ అవసరం లేదు. రైవోన్‌కి 40, బర్మా రోడ్‌కీ గేయిక్‌కీ 45, టిల్ట్‌కి 50. అన్నీ ట్యూబ్‌లెస్. ఇక్కడి గ్రానైట్ రాయి ముక్కలు పదునుగా ఉంటాయి, టైరు పక్క గోడను కోస్తాయి. కాబట్టి లోపల చిల్లులు పూడ్చే ద్రవం ఉన్నా ఒక ట్యూబు, టైరు చీలికకు వేసే గట్టి పట్టీ వెంట ఉండాలి.

బయల్దేరే ముందు రోజు రాత్రి మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాతావరణ సూచన చూడండి. స్కాట్లాండ్ పర్యావరణ సంస్థ సెపా నదుల నీటిమట్టాలు ఆన్‌లైన్‌లో పెడుతుంది. డీ, టిల్ట్ గీతలు పైకి లేస్తున్నాయా, దిగుతున్నాయా అన్నది అంకె కన్నా ముఖ్యం. లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, ఉన్నా సరిగ్గా అందదు. బ్రిటన్ నంబరు వాడేవాళ్లు 999కి register అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ముందే మెసేజ్ పెట్టి నమోదు చేసుకుంటే, ఆపదలో కాల్ వెళ్లని చోట మెసేజ్ అయినా పంపొచ్చు. కాల్ వెళ్తే 999లో పోలీసును అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి.

బ్లెయిర్ ఆథల్‌లో రైలు దిగేసరికి కొండల మీద వాన కనిపించిందనుకోండి. టిల్ట్ వద్దు, గేయిక్ వద్దు. అదే నంబర్ 7 సైకిల్ దారి డాల్నకార్డోక్ దగ్గర ఆగదు, హైవే పక్కనే డ్రమోఖ్టర్ కనుమ ఎక్కి డాల్‌విన్నీ మీదుగా కింగ్యూసీకి పోతుంది. బండ్ల చప్పుడు వినపడుతుంది, గ్రావెల్ తక్కువ. కానీ దాటాల్సిన వాగు ఒక్కటీ ఉండదు, డాల్‌విన్నీలో రైలు స్టేషన్ కూడా ఉంది. రైల్లో సైకిల్ చోట్లు కొద్దిగానే ఉంటాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందే రిజర్వ్ చేసుకుని ఉంచండి.